నడిగట్టు మీద రెండు దీపాలు

ఈ రోజు పొద్దుగూకినాక మీ వంటింట్లో ఒక చిన్న పని చేసి చూడండి. లైటు వేసి, రోజూ ఉల్లిగడ్డలు కోసే చోట నిలబడి చేతులు ముందుకు పెట్టండి. మీ నీడ ఎక్కడ పడుతోంది? మా వాడకట్టులో, మా చుట్టాల ఇళ్లలో నేను చూసినంతవరకు అంతటా ఒకటే కథ. నీడ సరిగ్గా కత్తి ఆడే చోటే పడుతుంది. లైటేమో గది నడిమిట్ల, లేకుంటే వెనక గోడకు. గట్టేమో ఎదుటి గోడకు ఆనుకొని. మనం గోడకు మొహం పెట్టి నిలబడతాం కాబట్టి వెలుగుకూ పనికీ మధ్య అడ్డం మనమే. ఏళ్ల తరబడి మన నీడలో మనమే వండుతున్నాం. ఇది ఒకరికి చెప్పుకోవాల్సిన సంగతని కూడా మనకు తోచదు.

మా అత్తమ్మకు డెబ్బై దాటాక తోచింది.

బోథ్‌లో మా పాత పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు మొదలుపెట్టినప్పటి మాట. పని అయ్యేదాకా వెనక జాగాలో రేకుల షెడ్డు వేసుకుని ఉన్నాం. అత్తమ్మకు 'కంటి వెలుగు' పరీక్షల్లో శుక్లాలున్నాయని తేలింది. 2018 ఆగస్టు 15న మొదలైన ఆ కార్యక్రమంతో మా ఊళ్లో ఎంతమంది ముసలివాళ్ల ముక్కు మీదికి అద్దాలు వచ్చాయో! ఆపరేషన్ రెండు కళ్లకూ అయింది. దూరం నుంచి వచ్చే మనిషిని నడక చూసి గుర్తుపడుతుంది, అంత బాగుంది చూపు. అయినా చాట ముందేసుకొని కందిపప్పు ఏరడం మానేసింది. ఆ తర్వాత జొన్నరొట్టె మానేసింది. "నాకు కానొస్తలేదు బిడ్డా, నువ్వే చేసుకో" అని పిండి గిన్నె నా దిక్కు జరిపేది.

మీకు ఆమె రొట్టె గురించి చెప్పాలి. వేడినీళ్లు పోసి పిసికిన జొన్నపిండి ముద్దను అరచేత్తో తట్టుతూ తిప్పుతూ పోతే, అంచు ఎక్కడా పగలకుండా చందమామలాగా వచ్చేది. నాది ఇన్నేళ్లకూ ఒక పక్క చీలుతుంది. ఆమె చేతులకు ఏమీ కాలేదు. చీలిక ఎక్కడ మొదలవుతోందో కనిపిస్తేనే వేలితో సరిదిద్దగలదు, అది కనిపించక మానేసింది. వంటింటి నుంచి ఆమె కొంచెం కొంచెంగా బయటికి జరిగిపోతోంది. ఇంట్లో అందరూ వయసు అనుకున్నారు. ఆమె కూడా అదే అనుకుంది.

ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. వయసు పెరిగిన కంటికి చూపు ఒక్కటే కాదు, వెలుగు కూడా ఎక్కువ కావాలని. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటికి చేరేదాంట్లో సుమారు మూడో వంతేనట. ఆపరేషన్‌తో లెన్సు కొత్తదైనా కంటిపాప పాతదే కదా, అది ముడుచుకొనే ఉంటుంది. అంటే మా రేకుల షెడ్డులో నాకు చాలినట్టు అనిపించే ట్యూబులైటు ఆమెకు మసక చీకటి.

ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చేసరికి ఎలక్ట్రీషియన్ తమ్ముడు కాగితం మీద లైట్ల పాయింట్లు రాసుకుంటున్నాడు. ముందర హాలుకు పద్నాలుగు. సీలింగు చుట్టూ దాచిపెట్టే పట్టీ లైట్లు, నడుమ ఒక పెద్ద గాజు గుత్తి, టీవీ వెనక రంగు లైటు. వంటింటికి? గోడకు ఒక ట్యూబు, నడుమ ఒక ఫ్యానుహుక్కు. అంతే.

"వంటింట్ల ఎవరు చూస్తరు?" అన్నాడు మా ఆయన.

"నేను చూస్త. అత్తమ్మ చూస్తది" అన్నాను.

దీనికి వెనక పెద్ద చరిత్రే ఉంది. అత్తమ్మ ఈ ఇంటికి కోడలిగా వచ్చిననాడు పొయ్యికాడ గ్యాసునూనె పోసిన ఎక్కబుడ్డి, అవతలి అర్రలో కందిలి. కరెంటు వచ్చాక రెండు అర్రలకు కలిపి ఒకటే బల్బు. నడిమి గోడలో జానెడు సందు కొట్టించి అందులో దిగేశారు. మీలో కొందరు ఇలాంటిది చూసే ఉంటారు. సగం వెలుగు మగవాళ్లు కూర్చునే దిక్కు, సగం పొయ్యి దిక్కు. "వెలుగు సగమే గానీ పురుగులన్నీ నా దిక్కే వచ్చి కూరల పడేటియి" అని నవ్వుతుంది ఇప్పుడు. నవ్వే సంగతేనా అది?

కందిలి అంటే గుర్తొచ్చింది. బీఏ తెలుగు చదివినందుకు ఇలాంటి మాటల దగ్గర నేను ఆగకుండా పోలేను. ఈ మాట మనకు ఉర్దూ మీదుగా వచ్చింది, ఉర్దూకు అరబ్బీ 'ఖిందీల్' నుంచి, దాని మూలమేమో లాటిన్ 'కాండేలా'. ఇంగ్లీషు క్యాండిల్‌కూ తల్లి అదే. దీపావళికి మరాఠీవాళ్లు ఇంటి ముందు కట్టే ఆకాశకందిల్‌లో ఉన్నదీ అదే. వెలుగు తీక్షణతను కొలిచే ప్రమాణం పేరు కూడా క్యాండెలానే. మా పాతింటి అర్రలో మేకుకు వేలాడిన కందిలికి ఎంత పెద్ద చుట్టరికం!

సరే, గట్టు దగ్గరికి వస్తాను. వంటింటి నడుమ నాలుగు దిక్కులా తిరిగేట్టు ఒక గట్టు కట్టించాలన్నది మా బిడ్డ కోరిక. హైదరాబాద్‌లో చదువుకుంటోంది. ఫోనులో బొమ్మలు పంపి "ఐలాండ్ కిచెన్ అమ్మా" అంది. అత్తమ్మ ఫోను దూరంగా పెట్టుకొని చూసి "నడిగట్టా?" అంది. ఆ పేరే ఖాయమైంది. ఐదడుగుల పొడుగు, రెండున్నర అడుగుల వెడల్పు. ఎత్తు 32 అంగుళాలు. మేస్త్రీ 36 పెడతానన్నాడు కానీ అత్తమ్మ నాలుగడుగుల తొమ్మిదంగుళాల మనిషి, రొట్టె తట్టాలంటే మోచేతి కిందికి రావాలి గట్టు. ఈ గట్టుకున్న పెద్ద గుణం, మన మొహం ఎదుట గోడ ఉండదు. దాని మీద లైటు వేలాడదీస్తే వెలుగు మన ముందు నుంచి పడుతుంది, వెనక నుంచి కాదు. ఆ బొమ్మల్లో అందరూ అందమనుకునే ఆ దీపాల అసలు పని అది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1926లో ఆస్ట్రియాకు చెందిన మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మామూలు జీతగాళ్ల ఇళ్ల కోసం ఒక వంటింటిని గీసింది. పొడుగు 3.4 మీటర్లు, వెడల్పు 1.9 మీటర్లు, మన స్నానాల గది కన్నా కొంచెం పెద్దది. దాదాపు పదివేల ఇళ్లలో కట్టారట. అందులో నాకు నచ్చిందేమిటంటే, పైకప్పుకు ఒక పట్టా బిగించి దీపాన్ని దానిమీద అటూ ఇటూ జరుపుకునేట్టు పెట్టింది. కూరగాయలు కోసేటప్పుడు ఇక్కడికి, పొయ్యి దగ్గరున్నప్పుడు అక్కడికి. అది చదివిన రోజు నేను మా ఆయనకు వినిపించేట్టు గట్టిగా రెండుసార్లు చదివాను.

స్లాబు పోసే ముందు, చెక్కలు కట్టి ఇనుము పరిచినప్పుడే పైపులు వేసేయాలి. తర్వాత పాయింటు కావాలంటే స్లాబు తొలవాలి, లేదా పైన ప్లాస్టిక్ పట్టీ పాకించాలి. అందుకని ఆ రాత్రి నేను ముగ్గుపిండి తీసుకొని నేల మీద గట్టును గట్టంత కొలతలోనే గీశాను. సెంట్రింగు గుంజల మధ్య వంగి దూరి! పొద్దున మేస్త్రీలు వచ్చి "ఇంకా గృహప్రవేశం కాలేదక్కా, ముగ్గేసినవ్" అని నవ్వారు. ఐదడుగులంటే 60 అంగుళాలు. మూడు దీపాలు వేలాడదీస్తే అందమని బిడ్డ. నా లెక్కకు రెండు చాలు. ఒక కొస నుంచి 15 అంగుళాల దగ్గర ఒకటి, 45 దగ్గర ఇంకొకటి. రెంటి మధ్య 30. గోడల నుంచి ఆ రెండు చుక్కలు కొలిచి, ఎలక్ట్రీషియన్ తమ్ముడు పైన చెక్క మీద అదే కొలతలో రెండు ఇనుప డబ్బాలు కట్టాడు. నడిమి ఫ్యానుహుక్కు తీసేయించాను. ఆదిలాబాద్ ఎండలు తెలిసినవాళ్లు "పిచ్చా?" అంటారు. వేలాడే దీపానికీ పైఫ్యానుకూ పడదండి. దీపం రెక్కల కింద ఉంటే గాలికి ఊగుతుంది, దాంతో గట్టు మీది నీడలన్నీ ఊగుతాయి. రెక్కల పైన ఉంటే రెక్కల నీడలు పప్పు మీద గిరగిర తిరుగుతాయి, ముసలి కళ్లకు అది నరకం. గోడఫ్యాను పెట్టించుకున్నాం.

ఇల్లు పూర్తి కావస్తుండగా దీపాలు కొనడానికి ఆదిలాబాద్ పోయాం. అత్తమ్మను కూడా తీసుకుపోయాను. హైదరాబాద్‌లో కోఠీ పక్కన ట్రూప్‌బజార్‌లో అయితే బోలెడన్ని రకాలు దొరుకుతాయని బిడ్డ ఒకటే పోరు. అత్తమ్మ అంత దూరం ప్రయాణం చేయలేదు, దీపమేమో ఆమె కంటి కోసం. పోయేముందు చేతిరుమాలులో గుప్పెడు కందిపప్పు మూటగట్టుకున్నాను, అందులో ఏరి దాచిన నాలుగు రాళ్లు కలిపి. ఇంకో పొట్లంలో కారప్పొడి, ఇంకో దాంట్లో పసుపు. మా ఆయన తల పట్టుకున్నాడు. దుకాణంలో అబ్బాయి మాత్రం సరదా పడి, ఏ లైటు కింద పెట్టమంటే ఆ లైటు కింద పేపరు పరిచి పప్పు పోశాడు.

అక్కడ నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి.

బల్బు డబ్బా మీద 2700, 3000, 4000, 6500 అని కెల్విన్ అంకెలుంటాయి. అంకె తక్కువైతే పసుపు వెలుగు, ఎక్కువైతే నీలిచాయ తెలుపు. 6500 కింద కారప్పొడి పాలిపోయింది, ఏడాది నిల్వ ఉన్నదానిలాగా కనిపించింది. 2700 కింద పసుపూ పప్పూ ఒకటే రంగులో కలిసిపోయాయి. 4000 కింద అత్తమ్మ నాలుగు రాళ్లనూ తీసి పక్కన పెట్టింది, నేను అడగకముందే. డబ్బా మీద సీఆర్‌ఐ అని ఇంకో అంకె ఉంటుంది. రంగులు పగటి వెలుగులో ఉన్నట్టు ఎంత బాగా కనిపిస్తాయో చెప్పే అంకె. మామూలు బల్బులకు 80, కొంచెం ఖరీదైనవాటికి 90. వంటింటికి 90 దొరికితే వదలకండి. మాంసం తాజాదనం, కొత్తిమీర వాడిందో లేదో, నూనె రంగు, అన్నీ అక్కడే తెలుస్తాయి.

వాట్లు చూసి కొనే అలవాటు కూడా మానుకోవాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ, పాత 60 వాట్ల బల్బంత వెలుగిస్తుంది, ఇంచుమించు 800 ల్యూమెన్లు. నీలి ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. ఆ నీలం లేకుంటే ఈ తెల్ల వెలుగు లేదు. మరుసటి ఏడాది, 2015 జనవరి 5న, మన దేశంలో ఉజాలా పథకం మొదలై తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులు పంచారు.

ఇక పైన ఉండే టోపీ. బిడ్డకు నచ్చినవి లోపలి తీగ వెలుగుతూ కనిపించే గాజు బుడ్లు. ఫొటోకు బాగుంటాయి. వాటి కింద నిలబడితే తీగ నేరుగా కళ్లలో గుచ్చుతుంది, చూపు తిప్పుకున్నా మచ్చ పోదు. నాకు నచ్చింది వెదురు బుట్ట. మా జిల్లాలో కోలాములు అల్లే వెదురు బుట్టల పనితనం చూసినవాళ్లకు ఎవరికైనా ఆ కోరిక పుడుతుంది. బుట్ట బోర్లించి దీపం పెడితే గోడల మీద ఎంత బాగుంటుందో. పోపుల జిడ్డూ పొగా ఆ అల్లికలో చేరితే కడగలేమని, దాన్ని వరండాకు ఉంచేశాను. నడిగట్టుకు చివరికి తీసుకున్నది గరాటు బోర్లించినట్టుండే రేకు టోపీ, అడుగున 8 అంగుళాల వెడల్పు, బల్బు లోపలికి దాగేంత లోతు. పైన నలుపు, లోపల తెలుపు. లోపల బంగారు రంగు పూసినవి కూడా ఉన్నాయి, వాటిలో నుంచి వచ్చే వెలుగంతా పచ్చబడుతుంది. ఒక్కోటి రూ.1,100. హాలు గాజు గుత్తి ధర మీకు చెప్పను.

ఇంకొకటి. లోపలే ఎల్‌ఈడీ అతికించి వచ్చేవి కొనకండి. అది పోతే మొత్తం దీపం పారేయాలి. హోల్డరు ఉన్నది కొనండి, అదీ ఊళ్లో ఏ బల్బు దొరుకుతుందో చూసుకొని. వేలాడే దీపాలకు ఎక్కువగా మర హోల్డర్లు వస్తాయి, మన కిరాణా దుకాణాల్లోనేమో పిన్ను బల్బులు. నేను రెండు మర బల్బులు అదనంగా తెచ్చి ఉప్పు డబ్బా వెనక పెట్టుకున్నాను.

బిగించే రోజు అసలు పంచాయితీ ఎత్తు దగ్గర వచ్చింది. తమ్ముడు మెయిన్ ఆపి, రేకు టోపీలు కాబట్టి ఎర్తు తీగ కూడా కలిపి, స్లాబుకు సీలింగ్ రోజ్ బిగించాడు. దీపం బరువు కరెంటు తీగల మీద పడకుండా కొక్కేనికి ముడి వేశాడు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత దీపాన్ని నేల నుంచి ఏడడుగుల మీద కట్టి "తలకు తగల్దు అక్కా" అన్నాడు. మా ఆయన కింద నిలబడి "మస్తుంది" అన్నాడు.

గట్టు అడ్డంగా ఉన్నచోట తల ఎక్కడ తగులుతుంది? అంత ఎత్తు నుంచి వెలుగు గదంతా పరుచుకుంది కానీ గట్టు మీదికి పలచబడి దిగింది. నేను వీడియోల్లో చూసిన కొలత, గట్టు మీది నుంచి 30 నుంచి 36 అంగుళాలు. ఆ ఎత్తుకు దింపించాం. మా ఆయనకు టోపీ పైభాగం కనిపిస్తోంది, హాయిగా ఉంది. అత్తమ్మ వచ్చి నిలబడి చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. ఆమె కన్ను నేల నుంచి నాలుగున్నర అడుగుల కన్నా తక్కువ ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి చూస్తే టోపీ కిందిగుండా బల్బు మొత్తం కనిపిస్తోంది. ఆ 36 అంగుళాలు ఎత్తైన గట్లకూ ఎత్తైన మనుషులకూ రాసిన లెక్క అన్నమాట.

"తమ్మీ, అత్తమ్మను నిలబెట్టి దించు" అన్నాను. ఆమె రొట్టె తట్టే తీరులో చేతులు పెట్టి నిలబడింది. తమ్ముడు స్టూలెక్కి తీగను అంగుళం అంగుళం వదిలాడు. "ఇంకింత... ఇంకింత... ఆఁ, ఆగు." కొలిస్తే గట్టు మీది నుంచి 28 అంగుళాలు వచ్చింది. ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహానికి దీపం అడ్డం వస్తుందని మా ఆయన సందేహం. మధ్యలో అంత సందుంది కదా, అందులో నుంచి మాట్లాడుకోవచ్చు. దీపాలు పెట్టించుకునేవాళ్లు ఇంట్లో అందరికన్నా పొట్టి మనిషిని నిలబెట్టి కొలవండి, అదీ ఆ గట్టు దగ్గర పనిచేసే మనిషినే.

రెండు దీపాలకూ వేరు వేరు స్విచ్చులు పెట్టించాను. తెల్లవారుజామున అత్తమ్మ లేచి ఒక్కటే వేసుకుంటుంది, తన కొస దీపం. రెండూ వేస్తే ఊరుకోదు. "పైసలు ఊరికే వస్తున్నయా?" అంటుంది. ఒక్క యూనిట్ కరెంటుకు ఆ దీపం 111 గంటలు వెలుగుతుందని లెక్క చెప్పి చూశాను. "అయితే నూట పదకొండు గంటలకు ఒక్కసారి ఏస్తలే" అంది.

మొదటి నాలుగు రోజులు ఆమె ఆ దీపం కింద ఏమీ చేయలేదు. చాయ్ గ్లాసు పెట్టుకుని కూర్చునేది, అంతే. నేను ఏమీ అనలేదు. ఐదో రోజు నేను పెరట్లో నుంచి పుంటికూర తెంపుకొని వచ్చేసరికి తట్టుతున్న చప్పుడు వినబడింది. మొదటి రొట్టె ఒక పక్క చీలింది, వేలు తడుపుకొని అద్దింది. రెండోదానికి ఆ అవసరం రాలేదు. మా ఆయన ఆ రోజు నాలుగు రొట్టెలు తిన్నాడు. అవి ఎవరు చేసినవో నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు, తినేటప్పుడు రెండుసార్లు వంటింటి దిక్కు చూశాడు.

పదిహేను రోజులకోసారి టోపీల లోపల జిడ్డు తుడవాలి. మెయిన్ ఆపి, బల్బు చల్లారనిచ్చి, గిన్నెల సబ్బు నీళ్లలో ముంచి పిండిన బట్టతో. తుడవకుంటే నెలకే వెలుగు మందగిస్తుంది, అలవాటు పడిన కంటికి అది తెలియదు.

మొన్న దసరాకు మా ఆడబిడ్డ వచ్చింది, కిన్వట్ నుంచి. వాళ్లది కట్టి పదేళ్లయిన ఇల్లు, గోడకు గట్టు, గది నడుమ ఒకే పాయింటు. తల్లి రొట్టె చేస్తుంటే ఎదుట స్టూలేసుకొని కూర్చుంది కానీ చూపంతా దీపం మీదే. కాసేపటికి ఫోను తీసి "వదినా, ఎంతెంత పెట్టినవో చెప్పు" అని కొలతలు రాసుకుంది. వాళ్లకు స్లాబు కొట్టాల్సిన పని లేదు. నడిమి పాయింటు నుంచే పొడుగు తీగ తీసుకొని, గట్టు అంచుకు సరిగ్గా మీద స్లాబులో ఒక కొక్కెం దిగ్గొట్టి, తీగను దాని మీదుగా వేలాడదీస్తే చాలు. దీపం మనిషికి ముందు వైపు, గోడకు దగ్గరగా వస్తుంది. వాళ్లాయన ఒప్పుకున్నాడట, ఒక దీపానికి. వచ్చే ఆదివారం పోతున్నాం. అత్తమ్మ కూడా వస్తానంది, బిడ్డను నిలబెట్టి తనే కొలుస్తదట.